పున్నమ్మత్త అయ్యగార్లు

మా పున్నమ్మత్త ఏ చర్చికెళ్లినా, అక్కడ పని నడిపించే మనిషిని "అయ్యగారూ" అనే పిలుస్తుంది. ఆ మనిషి చీర కట్టుకుని ఉన్నా సరే.

మా వైపు పాస్టరుని అయ్యగారంటాం, ఆయన భార్యని అమ్మగారంటాం. మా ఊరు కోడూరులో పసిపిల్లలకి కూడా ఇది తెలుసు. అత్తకే ఎక్కలేదు. గుడివాడ కాన్వెంటులో మదర్ గారికి "వందనాలయ్యగారూ" అంది. పక్కనున్న ఫాదర్ గారు తనకేమో అనుకుని చెయ్యెత్తి దీవించేశారు. బందరులో ఒక ప్రార్థన మందిరంలో పాటలూ, ఉపవాస ప్రార్థనలూ అన్నీ పాస్టరుగారి భార్యే నడిపిస్తుంది. అత్త ఆవిణ్ణీ అయ్యగారంది. ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఆడవాళ్లు ముసుగేసుకుని నోరు మెదపకుండా కూర్చునే మా పెద్దమ్మ వాళ్ల సంఘానికైతే అత్తని తీసుకెళ్లడమే మానేశాం.

"అత్తా, శుక్లాల ఆపరేషన్ చేయిద్దామా?" అన్నాను.

"నా కళ్లకేమే? నీ బుగ్గ మీద మెతుకు కూడా కనపడతంది, తుడుచుకో!"

పోయినేడు మా చర్చికి కృపాకుమారిగారు పాస్టరుగా వచ్చారు. మా మిషనులో ఆడవాళ్లకీ పాస్టరుగా అభిషేకం ఇస్తారు కానీ, మా ఊరికి ఆడ పాస్టరు రావడం ఇదే మొదలు. పాపం, ఎవరింటికెళ్లినా ఒకటే ప్రశ్న: "అమ్మగారూ, అయ్యగారెప్పుడొస్తారండీ?" ఆవిడకి అప్పటికి పెళ్లే కాలేదు. సంఘపెద్ద ఇస్సాకుగారైతే తేల్చి చెప్పేశారు, "అమ్మగారి చేత్తో సంస్కారం తీసుకోను. అయ్యగారు రావాల్సిందే." సంస్కారానికి ఆయన లేవకపోతే వెనక వరసలేవీ లేవవు. జనం లేవకపోతే ఆవిడ బదిలీ పెట్టుకోవాల్సిందే.

ప్రభువు పేరున రొట్టే, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం ఆవిడ రొట్టె పట్టుకుని నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది.

"అయ్యగారూ! మోకాళ్లు పట్టేశాయి, నెమ్మదిగా వస్తన్నా, ఆగండి!" అంటూ అత్త లేచింది.

"పున్నమ్మా, ఆవిడ అమ్మగారు!" అన్నారు ఇస్సాకుగారు.

"అయ్యగారొస్తే తీసుకుంటానన్నావుగా బావా? వచ్చారు, లే మరి!"

చర్చంతా గొల్లుమంది. ఇస్సాకుగారు నవ్వాపుకోబోయి దగ్గారు, గొణుక్కుంటూనే లేచారు. వెనక వరసలూ లేచాయి.

బయటికొచ్చాక అడిగాను, "అంటే నీకు తేడా తెలుసన్నమాట!"

"తెలీకపోడమేంటే? అమ్మగారంటే టీ పెట్టమంటారు. అయ్యగారంటే కుర్చీ ఏస్తారు. నేనట్టా పిలిచినోళ్లంతా పొద్దస్తమానం నిలబడే ఉంటన్నారు కదే!"

ఇప్పుడు ఊరంతా ఆవిణ్ణి అయ్యగారనే అంటోంది. మొన్న ఆవిడకి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు మొవ్వలో లెక్కల మాస్టారు.

"మరి ఆయన్నేమనాలి పున్నమ్మా?" అని ఇస్సాకుగారు బెంగగా అడిగారు.

"అదేం ప్రశ్న బావా? అమ్మగారు!" అంది అత్త.