కర్మ చేశాక వచ్చిన జామీను

పోయిన వారం మా ఎదురింటి కుర్రవాడు జామీను మీద ఇంటికి వచ్చాడు. బర్మాలో మేముండే పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో మా వాటాలన్నీ ఎదురుబొదురు, ఒకరింట్లో పోపు వేస్తే ఇంకొకరింట్లో తుమ్ములు వస్తాయి. ఆ రోజు వాడు మెట్లెక్కి రావడం, వాళ్ళమ్మ గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీయడం, అన్నీ తలుపు దగ్గర నిలబడే చూశాను. అందరూ సంతోషంగా వాడి మొహంలోకి చూస్తూంటే, నా చూపు మాత్రం, నవ్వకండి, వాడి కాళ్ళు నేలకి ఆనుతున్నాయా లేదా అని కిందికి పోయింది. ఈ వయసులో ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను గాని, మా చిన్నాన్న జామీను మీద వచ్చిన రోజు చూసినవాళ్ళెవరికైనా చూపు అలాగే పోతుంది.

అప్పుడు నా చిన్నతనం, మేము ఇదే ఊళ్ళో బోటాటౌంగ్‌లో, రేవుకి దగ్గరగా, రేకుల కప్పున్న చెక్క ఇంట్లో ఉండేవాళ్ళం. తాత దేశం మారినా ఆచారం ఒక్కటీ వదులుకోని మనిషి. నాన్న తమ్ముడైన చిన్నాన్న గిడ్డంగిలో బస్తాలు మోసేవాడు. ఒకరోజు బియ్యం బస్తాలు తగ్గాయని ఆ పూట పనిలో ఉన్న అందరినీ పట్టుకుపోయారు. విచారణ అంటే వాయిదా, వాయిదా అంటే మళ్ళీ వాయిదా. వానాకాలం మొదట్లో పోయిన మనిషి వానలు వెనకపట్టినా రాలేదు, చూద్దామని వెళ్ళిన నాన్నకి ఒక్కసారీ కనబడలేదు. అంతలో లోపలినుంచి విడుదలైన ఒకాయన మా ఇంటికొచ్చి, చిన్నాన్న జ్వరం తగిలి పోయాడని చెప్పి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

శవం లేదు కనుక తాత దర్భలతో మనిషి బొమ్మ చేయించి నది ఒడ్డున దహనం చేశాడు. పిన్నికి గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. ఆవిడ కంట చుక్క రాలేదు. మనసు రాయైపోయిందని చుట్టాలందరూ చెవులు కొరుక్కున్నారు. నానమ్మ రోజూ మధ్యాహ్నం కొడుకు పేర పెరటిగోడ మీద కాకులకి ముద్ద పెట్టేది.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి వకీలుగారి గుమస్తా, బర్మా ఆయన, గొడుగు ముడుచుకుంటూ వచ్చాడు. చిన్నాన్నకి జామీను మంజూరైందనీ, ఇంటిమనిషి ఒకరు వచ్చి పూచీ పడితే సాయంత్రానికి వదిలేస్తారనీ నవ్వుతూ చెప్పాడు. మాలో ఎవరూ నవ్వకపోయేసరికి, పాపం, తానే ఏదో పొరపాటు మాట అన్నాననుకున్నాడు. నాన్న గబగబా చొక్కా వేసుకోబోతే తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ సేత్తో ఆడికి నువ్వులూ నీళ్ళూ ఇడిసాను. ఇప్పుడెల్లి ఎవుల్ని తెస్తావురా? పిలిస్తే వచ్చీది ఆడేనని నీకేటి తెలుసు?"

నాన్న చొక్కా సగం తొడుక్కుని అలాగే నిలబడిపోయాడు. ఎవరూ వెళ్ళకపోతే కేసు తేలేదాకా, ఎన్నేళ్ళయినా సరే, మనిషి లోపలే. గుమస్తా ఆ సంగతి రెండోసారి చెబుతూండగా పిన్ని తలమీద కొంగు సర్దుకుంటూ లోపలి గదిలోంచి వచ్చింది.

"మీరెవులూ కళ్ళతో సూళ్ళేదు కదా మావా. ఎవుడో సెప్పినాడు, మీరిన్నారు. ఆ పూచీ నాను పడతాను."

కోర్టులో ముద్దాయి పేరు చెప్పమన్నారట. మొగుడి పేరు ఆడది నోట పలకని రోజులవి. పిన్ని ఆ పేరు హాలంతా వినబడేలా చెప్పిందని, వెనకాల వెళ్ళిన నాన్న చెప్పేవాడు. ఆయన నీకేమవుతాడని అడిగితే నా మొగుడంది. అక్కడి ఉద్యోగి మనవాళ్ళ సంగతి ఎరిగినవాడేమో, ఆవిడ బోసి నుదురు చూసి కాసేపు కలం కదపలేదట.

చిన్నాన్న సంధ్యవేళ వచ్చాడు. వీధి తలుపు తీయలేదు, పక్కసందులోంచి వెనక వసారాలోకి రానిచ్చారు. ఎవరి అడుగు చప్పుడైనా గొంతుక్కూర్చుని చేతులు తలమీద పెట్టుకునేవాడు. కర్మ జరిగిన మనిషి గడప దాటాలంటే మళ్ళీ పుట్టినట్టు పురుడు చేసి, పేరు పెట్టి, మళ్ళీ పెళ్ళి చెయ్యాలన్నాడు పురోహితుడు. అదీ కేసు తేలాకే, రేపు మళ్ళీ పట్టుకుపోతే ఎలా అని పెద్దలన్నారు. అందాకా పిన్ని ఆయన దరికి పోకూడదట.

మర్నాడు నానమ్మ అలవాటు కొద్దీ గోడమీద ముద్ద పెట్టి వచ్చింది. ఆ రోజు కాకులు వాలలేదు. కిటికీ సందులోంచి నేను చూస్తూండగా చిన్నాన్న మెల్లిగా లేచి, గోడ దగ్గరికి నడిచి, ఆ ముద్ద తీసుకుని తినేశాడు. అది ఎవరి పేర పెట్టిందో ఆయనకేం తెలుసు, ఆకలేసి తిన్నాడు. నానమ్మ కెవ్వుమంది. తాత గోడవైపు తిరిగిపోయాడు. పిన్ని మాత్రం వంటింట్లోకి వెళ్ళి కంచం నిండా అన్నం, చేపల పులుసు వడ్డించుకుని, అందరిముందునుంచీ నడిచివెళ్ళి, ఆయన పక్కన చతికిలబడి ఇద్దరికీ కలిపి ముద్దలు చేసింది. పురుడని, పెళ్ళని ఎవరినీ అడగలేదు. కేసు కూడా చివరికి సాక్ష్యం లేక కొట్టేశారు.

ఎదురింటి కుర్రవాడు గుమ్మం చేరకముందే వాళ్ళమ్మ ఫోనులో వాడి గొంతు వింది. ఎంత అదృష్టం! బతికున్నాడో లేదో ఊహించుకునే అవస్థ చాలామందికి తప్పింది. పూచీ అన్నా ఇప్పుడు ఇంటి పత్రం జిరాక్సు, రెండు సంతకాలు. మనిషిని చూడకుండా, గొంతు వినకుండా, ఉన్నాడని పూచీ పడవలసిన అవసరం ఇప్పుడెవరికి వస్తుంది? పిన్ని ఆ పూచీ పడి మొగుణ్ణి తెచ్చుకుంది. నానమ్మకి మాత్రం కొడుకు తిరిగి రాలేదు. చిన్నాన్న ఎదురుగా కూర్చుని వక్కలు కత్తిరిస్తూంటే, ఆవిడ పోయిన కొడుకుని తలుచుకుని ఏడ్చేది. ఆయన కాసేపు విని, లేచి వెళ్ళి, ఆవిడకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు.