హిమబిందు పెట్టిన నియమం

కోయిలకుంట్ల దాటగానే టైరు పంక్చరై బస్సు ఆగిపోయింది. దిగినవాళ్లందరూ తుమ్మచెట్ల నీడకు పోయారు. హిమబిందు మాత్రం చుడీదారు కింద మిలిటరీ బూట్లతో కంకర మీద, నాపరాళ్ల మీద ఉరుకుతూ ఆ చప్పుడును చేతిలోని రికార్డరులో పట్టుకుంటోంది. అదే బస్సులో వచ్చిన బట్టలకొట్టు రాఘవేంద్రప్రసాద్ ఉండబట్టలేక, "ఏమ్మా, ఏం చేస్తాండావు?" అన్నాడు. "కంప్యూటర్లో యుద్ధం ఆట తయారు చేస్తాండానన్నా, ఈ బూట్ల చప్పుడు దాంట్లోకే. ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చొనే అందరూ కలిసి ఆడొచ్చు. దెబ్బ తగిలినోణ్ణి తోటివాడు మొయ్యాల. మోసేటోడు తుపాకి పేల్చలేడు. దారిలో దించితే వాడు సచ్చినట్టే." ఇంత కష్టమైతే ఎవరూ మోయరు, ఆ నియమం తీసెయ్యమని బెంగళూరులో ఆమె యజమాని పట్టుబట్టాడు. అతణ్ణి తప్పుబట్టి ఏం లాభం? ఎంత పాత యుద్ధకథ తిరగేసినా చంపినవాడి పేరుంటుంది గానీ, మోసుకొచ్చినవాడి పేరు కనిపించదు.

"మనిషిని మోస్తే నడక ఎట్లుంటాదో చూపిస్తావా అన్నా?" అంటూ ఆమె కెమెరా తీసింది. అతను తనతో వచ్చిన బామ్మర్ది వీరభద్రను భుజానికెత్తుకున్నాడు. "ఏమప్పా, మీ అక్క వండిందంతా నీకే పెడతాండాదా?" అన్నాడో లేదో పక్కకు తూలాడు. "చాలన్నా, దించెయ్" అంది హిమబిందు. "దించితే సచ్చిపోతాడంటివి గదమ్మా!" అని రొప్పుతూనే బస్సుదాకా మోసుకొచ్చాడు. జనం ఈలలేశారు. హిమబిందు తల పైకెత్తి, యజమానికి ఫోను కలిపి చెవికి ఆనించుకుంది. "సార్, నియమం తీసేది లేదు. మోసేటోళ్లు ఉండారు" అంది. రాఘవేంద్రప్రసాద్ చెమట తుడుచుకుని ఆమె పేరడిగేలోపే, టైరు మార్చేదాకా ఆగకుండా, బూట్లు టకటకలాడిస్తూ పక్క ఊరి దారి పట్టి వెళ్లిపోయింది.