నా సంచిలో ఆమె పాస్‌పోర్టు

మొన్న ఆగస్టులో, ఒకప్పుడు కువైట్‌లో కలిసి పనిచేసిన మా పాతవాళ్ళ వాట్సాప్ గుంపులో ఎవరో ఒక ప్రశ్న పెట్టారు, తొంభైలో ఇరాక్ సైన్యం వచ్చిన ఆ తెల్లవారుజామున ఎవరెవరు ఎక్కడ ఉన్నారని. రిటైరైనవాళ్ళకు ఇంతకన్నా మంచి ప్రశ్న ఏం కావాలి? బ్నీద్ అల్ గార్‌లో మేడ మీద నుంచి ట్యాంకుల వరుస చూశానని ఒకాయన, పిల్లల్ని స్నానపు తొట్టిలో పడుకోబెట్టి పైన పరుపు కప్పామని ఒకావిడ, బాగ్దాదు మీదుగా అమ్మాను నగరం దాకా బస్సులో నిలబడే వెళ్ళామని మరొకరు, సాయంత్రానికల్లా పెద్ద పురాణమే తయారైంది. నేనూ కళ్ళజోడు సవరించుకుని, జర్మనీలో స్నేహితుడి ఇంట్లో ఉన్నానని రాశాను. అదృష్టవంతులండీ మీరు అని వెంటవెంటనే జవాబులు వచ్చాయి. ఫోను బల్లమీద బోర్లా పెట్టేశాను. ఆ అదృష్టం గురించి నేను ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఆ రోజుల్లో నేను కువైట్‌లో ఒక నిర్మాణ సంస్థలో ఇంజనీరుని. మా ఆవిడ రెండో కాన్పుకు విజయవాడ వెళ్ళింది. పదేళ్ళ మా అమ్మాయిని వేసవి సెలవుల్లో యూరప్ తిప్పుతానని ఎప్పుడో మాటిచ్చి ఉన్నాను. లండన్‌లో డాక్టరుగా స్థిరపడిన మా బావమరిది ఇల్లు, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర నా కాలేజీ స్నేహితుడి ఇల్లు, చివర్న పారిస్, అదీ మా ప్రయాణం. హోటళ్ళలో దిగే అలవాటు మన తరానికి లేదు కదా, తెలిసినవాళ్ళ ఇళ్ళే మన పటంలో ఊళ్ళు.

మా ఇంట్లో రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకామె వంట చేసి పెట్టి, మా అమ్మాయిని కనిపెట్టుకుని ఉండేది. వీసా నా పేరు మీదే ఇప్పించాను, అంటే ఆమెకు కఫీలును, పూచీదారుణ్ణి, నేనే. మా అమ్మాయి ఆమెను అక్కా అని పిలిచేది. జడ వేయించుకోవాలన్నా, అన్నంలో నెయ్యి ఎక్కువ వేయించుకోవాలన్నా, వాళ్ళమ్మ మీద చాడీలు చెప్పాలన్నా అక్కే. ఆమె నోరు కాస్త పెద్దది, మాటల్లో ఖలాస్, యల్లా లాంటి అరబ్బీ ముక్కలు దొర్లేవి. నేను కూరలో ఉప్పు లేదంటే, "ఉప్పు తినే వయసు మీకు ఖలాస్ అయిపోయింది సారూ" అని వంటింట్లోంచే అనేది. మాకు నవ్వొచ్చేది. ఆమె ఊరు చూసి మూడేళ్ళు దాటిందన్న సంగతి మాత్రం మాలో ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

మేము బయలుదేరడానికి కొన్నాళ్ళ ముందు ఆమె నా దగ్గరికి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి అడిగింది. "రెండు నెల్లు మీరు ఈడ ఉండరు గదా సారూ, నేను గూడా ఊరికి పొయ్యొస్తా. మా యమ్మకు కండ్లు ఆనడం లేదంట. ఒకసారి సూసి మల్లా వస్తా."

వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను. పోనిస్తే తిరిగి రాదేమోనని నా భయం. మా కార్యాలయంలో ఒకాయన ఇంటి పనిమనిషి, వాళ్ళు సెలవుకు పోగానే మరో ఇంట్లో కుదురుకుందట. ఆ కథ చెప్పి, ఊరికెళ్ళేటప్పుడు పనిమనిషి పాస్‌పోర్టు వెంట పట్టుకెళ్ళడం మరిచిపోకు అని ఆయన నాకు హితవు చెప్పాడు. ఈ తరం పిల్లలు వింటే ఏమనుకుంటారో గానీ, ఆనాడు మాలో చాలామందికి అది గ్యాసు కట్టేయడం, ఫ్రిజ్ ఖాళీ చేయడం లాంటి పనే. మామూలు రోజుల్లో ఆమె పాస్‌పోర్టు నా బీరువాలో ఉండేది. ఆ వేసవి దాన్ని తీసి, మా ఇద్దరి పాస్‌పోర్టుల కింద, నా తోలు సంచిలో పెట్టుకున్నాను. ఇల్లు ఊరికే ఆమెకు అప్పగించడం ఎందుకని, మేము తిరిగి వచ్చేదాకా పనికి ఉండమని జాబ్రియాలో నాకు పరిచయమున్న ఒక కువైటీ కుటుంబం ఇంట్లో దింపాను. కారు దిగుతూ ఆమె మా అమ్మాయి బుగ్గ గిల్లి, "యల్లా పాపా, ఆడ సల్లగా ఉంటాదంట, స్వెట్టరు ఇప్పొద్దు" అని చెప్పింది. నా వైపు చూడకుండా మూట ఎత్తుకుని గేటు లోపలికి వెళ్ళిపోయింది.

లండన్‌లో మా రోజులు సరదాగా గడిచాయి. ఫ్రాంక్‌ఫర్ట్ చేరిన కొద్ది రోజులకే, ఒక ఉదయం మా స్నేహితుడు టీవీ ముందు నుంచి నన్ను కేకేసి పిలిచాడు. జర్మన్ వార్తలు నాకు అర్థం కాలేదు గానీ, తెర మీద కనబడుతున్న రోడ్డు నేను రోజూ కారులో వెళ్ళే రోడ్డే. ఫోన్లు కలవలేదు. మొదటి రోజంతా నాకు నా ఉద్యోగం, బ్యాంకు, కొత్తగా కొన్న కారు, ఇంట్లో సామాను, ఇవే కళ్ళముందు కదిలాయి. ఆమె గుర్తొచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చిన ప్రతిసారీ, కువైటీల ఇంట్లో ఉంది కదా, వాళ్ళు చూసుకుంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ ఆదివారం మా స్నేహితుడు చుట్టుపక్కల తెలుగువాళ్ళను భోజనానికి పిలిచాడు. నన్ను ఓదార్చడానికట. అందరూ నా చుట్టూ చేరి అడుగుతూ ఉంటే, సర్వం పోగొట్టుకున్న మనిషిగా నేను మాట్లాడుతూ పోయాను. సిగ్గు విడిచి చెప్పాలంటే ఆ జాలి నాకు బాగానే ఉంది. సరిగ్గా అప్పుడే, పిల్లలతో ఆడుకుంటున్న మా అమ్మాయి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, అక్క పాస్‌పోర్టు మన సంచిలో ఉంది కదా నాన్నా, అక్క విమానం ఎలా ఎక్కుతుంది అని అడిగింది.

మా స్నేహితుడి తల్లి తెనాలి నుంచి కొడుకును చూడ్డానికి వచ్చి ఉన్నారు. అప్పడాలు పంచుతున్న ఆవిడ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఏవిట్రా అబ్బాయ్, ఆ పిల్ల కాయితం నీ దగ్గరెందుకుంది? మరి అదెట్టా వస్తుందిరా?"

అది పాతదండీ, కొత్తది ఆమె దగ్గరే ఉంది, ఇది చిన్నపిల్ల, దానికేం తెలుసు అని నవ్వేశాను. అంత తేలిగ్గా వచ్చింది నోటికి. "అట్టాగా, అమ్మయ్య" అని ఆవిడ అప్పడం నా కంచంలో వేశారు. నా అబద్ధం కన్నా ఆ అప్పడం తిన్నది నాకు ఎక్కువ గుర్తుంది. మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. నాన్న అబద్ధం చెబుతాడని ఆ పిల్ల అప్పటిదాకా అనుకోలేదు.

మర్నాడే నేను ఆ పాస్‌పోర్టు పట్టుకుని మన రాయబార కార్యాలయానికి వెళ్ళి, ఫలానా మనిషి జాబ్రియాలో ఫలానా ఇంట్లో ఉంది, ఇదిగో పాస్‌పోర్టు అని చెప్పి ఉండవచ్చు. వాళ్ళు ఏం చేయగలిగేవారో, చేయలేకపోయేవారో నాకు తెలియదు. నేను అడగనే లేదు. అడిగితే మా స్నేహితుడే కారులో తీసుకెళ్ళాలి, అప్పుడు ఆ పెద్దావిడ ముందు నా అబద్ధం బయటపడుతుంది. ఒక మనిషి ప్రాణానికీ నా పరువుకూ మధ్య తూకం వేసుకుని, ఆలోచించినంతసేపు పట్టకుండా, పరువునే ఎంచుకున్నాను. పారిస్‌కు టికెట్లు ముందే కొని ఉన్నాయి కదా అని పారిస్ కూడా వెళ్ళాము.

ఆ రైల్లో మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చునే ఒకే ఒక్క మాట అడిగింది.

"పాతదైతే ఎందుకు తెచ్చావు నాన్నా?"

పెద్దవాళ్ళ సంగతుల్లో తలదూర్చవద్దని కసిరాను. దిగగానే ఐస్‌క్రీం కొనిచ్చాను. కరిగి చేతి మీదుగా కారుతున్నా అది తినలేదు. అయినా పిల్లను ఆ ఊరి పేరుపొందిన ఇనప గోపురం ముందు నిలబెట్టి, నవ్వు నవ్వు అంటూ ఫొటో తీశాను.

బొంబాయిలో దిగేసరికి కువైట్ నుంచి అమ్మాను మీదుగా వచ్చినవాళ్ళతో విమానాశ్రయం కిటకిటలాడుతోంది. మట్టికొట్టుకుపోయిన బట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పసివాళ్ళు. నా ఇఖామా, అంటే కువైట్ నివాస అనుమతి, చూసిన ఒక సేవాసంఘం కుర్రాడు నన్నూ వాళ్ళలో ఒకణ్ణి అనుకుని, భుజం మీద చెయ్యి వేసి, టీ, బిస్కట్ల పొట్లం చేతిలో పెట్టాడు. నేను పారిస్ నుంచి వస్తున్నాను బాబూ అనలేదు. ఆ గుంపులో ప్రతి ఆడమనిషి మొహం వైపూ ఆశగా చూశాను గానీ, పొట్లం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

విజయవాడలో పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా ఆవిడకు మా అమ్మాయే అంతా చెప్పేసింది. మా ఆవిడ నన్ను తిట్టలేదు. ఆ పాస్‌పోర్టు తీసుకెళ్ళి ఆమె తల్లికి ఇచ్చి రండి అని మాత్రం అంది. రాయచోటిలో బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ ఆ పల్లె చేరాను. ఆమె ఇంకా రాలేదు. ఏ కబురూ లేదు. తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. చూపు దాదాపు లేదు. కువైట్ సారు వచ్చాడని పక్కింటివాళ్ళు చెబితే తడుముకుంటూ లేచింది. నేను పాస్‌పోర్టు తీసి ఆమె చేతిలో పెట్టాను.

ముసలామె దాని అట్టను వేళ్ళతో నిమిరింది. "పాసుపోర్టా నాయనా? ఇది వచ్చిండాదంటే బిడ్డ గూడా వచ్చినట్లే గదా!" అంటూ నన్ను దాటుకుని గుమ్మం దాకా నడిచి, దారివైపు మొహం పెట్టి, "యాడుండావే? రావేందే?" అని కేక వేసింది.

పక్కింటివాళ్ళు ఆమెను పట్టుకుని, ఇంకా రాలేదవ్వా, వెనక వస్తుందిలే అని కూర్చోబెట్టారు. నేను నిజం చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. ఆ యుద్ధంలో దీన్ని కాపాడి తెచ్చినావు నాయనా, నీ బిడ్డలు సల్లగా ఉండాల అని ఆమె దీవించింది. సంగటి పెట్టించింది. తిన్నాను.

చలికాలం మొదలయ్యాక ఆమె కూతురు ఇల్లు చేరిందని తెలిసింది. వివరాలు ఆ పల్లెవాళ్ళ ద్వారా ముక్కలు ముక్కలుగా విన్నాను. జాబ్రియాలోని ఆ కుటుంబం సౌదీకి కారులో బయలుదేరుతూ ఆమెనూ ఎక్కించుకోబోయిందట. సరిహద్దులో కాగితం లేకపోతే అందరినీ ఆపేస్తారని ఎవరో అంటే, ఆ ఇంటి పెద్దావిడ ఏడుస్తూనే దింపేసిందట. ఆ పెద్ద ఇంట్లో ఒంటరిగా, దీపం వెలిగించకుండా, వారాల తరబడి ఉందట. తర్వాత మనవాళ్ళు గుమిగూడిన చోటు వెతుక్కుంటూ నడిచి వెళితే, అక్కడ బస్సులెక్కించేది పాస్‌పోర్టు ఉన్నవాళ్ళను ముందు, లేనివాళ్ళను తర్వాత అట. ఆ తర్వాత ఎడారిలో గుడారాలు.

యుద్ధం ముగిశాక కంపెనీ పిలిస్తే నేను మళ్ళీ కువైట్ వెళ్ళాను. ఆమె కూడా వచ్చిందని తెలియదు. ఒక శుక్రవారం రిగ్గైలో కూరగాయల కొట్టు దగ్గర ఎదురుపడింది. పక్కన వాళ్ళ ఊరివైపు ఆడవాళ్ళు ఇద్దరు. నేను తప్పుకునేలోపే చూసేసింది.

"ఏమి సారూ, బాగుండారా? పాప బాగుండాదా?" అని, వాళ్ళవైపు తిరిగి, "ఈ సారేనే నన్ను లండనూ పారిసూ అంతా తిప్పినోడు. నేనేమో జాబ్రియాలో రొట్టె ముక్క దొరక్క సస్తా ఉంటి, పాసుపోర్టులో నా ఫొటో మాత్రం దొరసాని మాదిరి రైలెక్కి తిరగతా ఉండె" అంది. ఆ ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు.

క్షమించమనాలని నోరు తెరిచాను. నా నోటి నుంచి వచ్చింది మాత్రం, మళ్ళీ మా ఇంటికి వస్తావా, జీతం పెంచుతాను అని. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే ఒంటరిగా ఉన్న గదిలో కూడా తల దించుకుంటాను.

"అబ్బో, వద్దులే సారూ. ఇప్పటి కఫీలు ముసలోడు, నా పాసుపోర్టు నా పెట్టెలోనే పెట్టుకోమన్నాడు. మా యమ్మ మీ గురించి మంచిగా చెప్తాది. నేనేమీ చెప్పలేదులే ఆమెకు. యల్లా, ఎండ ఎక్కతా ఉండాది" అని సంచి చంకకు తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు.

ఇన్నేళ్ళలో బంధువుల ఇళ్ళల్లో, పెళ్ళిళ్ళల్లో కువైట్ కథ చెప్పమని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. నేను జర్మనీలో టీవీ దగ్గర మొదలుపెట్టి, బొంబాయి విమానాశ్రయంలో చూసిన జనంతో ముగించేవాణ్ణి. మధ్యలో ఆమె ఉండేది కాదు. నేను గొంతు సవరించుకోగానే మా అమ్మాయి లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేది. పెళ్ళయ్యాక కూడా, పిల్లల తల్లయ్యాక కూడా అంతే. ఆ కుర్చీ జరిగిన చప్పుడు వినబడగానే నా కథ కాస్త తడబడేది.

పోయిన సంక్రాంతి తర్వాత మనవడు అడిగితే మళ్ళీ అదే కథ మొదలుపెట్టాను. మా అమ్మాయి లేవలేదు. కూర్చునే ఉంది. నేను ఒక ఊరి పేరు తప్పు చెబితే మెల్లగా సరిదిద్దింది, మందుల వేళైంది నాన్నా అని గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ముసలివాళ్ళతో ఎవరైనా అలాగే ఉంటారు. ఇక వీళ్ళను మార్చేదేముంది అని ఊరుకుంటారు. మా అమ్మాయి నా మీద కోపం మానేసింది. ఆ కోపం ఉన్నన్నాళ్ళూ, ఏదో ఒక రోజు నేను నిజం చెబుతానని ఆ పిల్ల ఎదురుచూస్తోందని అనుకునేవాణ్ణి.