మా కారు అరుపులు, రాజయ్య మీద నా నిఘా

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో దొంగ దొరుకుతాడు. దొరికాక మాత్రం నేను మీకు తెలిసినవాణ్నని ఎక్కడా చెప్పుకోకండి. ఆరు వారాల పాటు ఒక అపార్ట్‌మెంటును అల్లకల్లోలం చేసి, ఒక పెద్దమనిషి ఉద్యోగం ఊడగొట్టబోయిన మనిషితో పరిచయం మీకు మర్యాద కాదు. ఆ మనిషి నేనే.

నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు. సూరత్ దగ్గర హజీరాలో ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు ఇంజనీరుని. ఊళ్లో ఆల్థాన్ ప్రాంతంలో మొదటి అంతస్తులో కాపురం. జీవితంలో మొదటిసారి కారు కొన్నాను, ఎర్రది. సరిగ్గా మా బాల్కనీ కిందే దాని స్థలం. కంపెనీ బస్సులోనే డ్యూటీకి వెళ్లేవాణ్ని కాబట్టి కారు చేసే పని ఒక్కటే, కింద నిలబడి మెరవడం. నేను చేసే పని, పైనుంచి దాన్ని చూసి మురవడం.

వాహన పూజ అయిన మర్నాడే మొదలైంది. స్నానం చేసి, పూజ ముగించి, తీర్థం నోట్లో వేసుకున్నానో లేదో, కింద కారు కెవ్వుమంది. లైట్లు టపటపా కొట్టుకుంటున్నాయి. తువ్వాలుతోనే పరుగెత్తాను.

కారు పక్కన మా కాపలాదారు రాజయ్య నిలబడి ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి. బమ్రోలిలో ఇరవై ఏళ్లు మరమగ్గాల మీద పనిచేసి, మోకాళ్లు పట్టేశాక మా దగ్గర చేరాడు. మెట్ల కింద గదిలో భార్యతో ఉండేవాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ గది.

"ఏంది సారు, కొత్త బండి గిట్ల మొత్తుకుంటది?"

"నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"అయ్యో, నేనెందుకు ముడ్త సారు? మొత్తుకుంటుంటే ఉరికొచ్చిన."

అరుపు మొదలవగానే కారు దగ్గర ఉన్నాడు! ఎందుకున్నాడు? కాపలాదారు కాబట్టి, అన్న జవాబు మీకు ఒక్క క్షణంలో తట్టి ఉంటుంది. నాకు ఆరు వారాలు తట్టలేదు. ఇంజనీరింగ్ చదివాను కదా.

ఆ తర్వాత దానికో వేళంటూ లేకుండా పోయింది. ఒక రోజు తెల్లారి ఐదింటికి, ఒక రోజు ఉదయం ఎనిమిదిన్నరకు, ఒక రోజు మిట్టమధ్యాహ్నం. మెకానిక్కుని పిలిచాను. అతను బ్యాటరీ చూశాడు, తలుపులు చూశాడు, బానెట్ ఎత్తి దించాడు.

"బండిలో ఏ లోపమూ లేదు సాహెబ్. రెండో తాళం ఎవరి దగ్గరుంది?"

"దాని సంగతి నీకెందుకు? మనిషన్నవాడు చెయ్యి పెట్టలేని చోట ఉంది," అన్నాను గర్వంగా.

అతను వెళ్లిపోయాడు. లోపం బండిలో లేదంటే మనుషుల్లోనే ఉంది. ఆ క్షణం నుంచి నాకు అపార్ట్‌మెంటులో ప్రతివాడూ దొంగలాగే కనిపించాడు.

మొదటి అనుమానం ఎదురింటి హస్ముఖ్ భాయ్ మీద. మా సొసైటీ సెక్రటరీ. కారు కొన్న రోజున నా పార్కింగు స్థలం చూసి "బహుత్ అచ్ఛీ జగా" అన్నాడు. మంచి స్థలం అని ఎందుకనాలి? కాజేద్దామనే కదా! సాక్ష్యం కోసం కారు చుట్టూ బియ్యప్పిండి చల్లాను, అడుగుజాడలు పడతాయని. సాయంత్రం అరుపు వినగానే దిగి చూస్తే, పడ్డాయి! స్పష్టంగా, రబ్బరు చెప్పుల జాడలు. టేపుతో కొలిచాను. మా ఆవిడ సుజాత పక్కన నిలబడి చూసింది.

"ఏవండీ, ఒకసారి మీ చెప్పు పెట్టి చూడండి."

పెట్టాను. అతికినట్టు సరిపోయింది. ఈలోగా హస్ముఖ్ భాయ్ దిగి వచ్చి, పిండిని చూసి చేతులు జోడించాడు.

"వాహ్ ప్రసాద్ భాయ్! మీ దక్షిణాది ముగ్గు! చాలా బాగుంది. కొంచెం చెదిరింది, అంతే."

ముగ్గును మెచ్చుకున్నవాడు దొంగ కాలేడని అతన్ని వదిలేశాను. నా న్యాయస్థానంలో తీర్పులు అలా ఉండేవి.

తర్వాత నేను కనిపెట్టిన సంగతి వింటే మీకు ఒళ్లు జలదరిస్తుంది. నేను డ్యూటీలో ఉంటే కారు అరవదు! నేను ఇంట్లో ఉంటేనే అరుస్తుంది. అంటే దొంగకు నా షిఫ్టులు తెలుసు. నా షిఫ్టులు ఎవరికి తెలుసు? రోజూ కంపెనీ బస్సు రాగానే గేటు తీసేదెవరు? రాజయ్య! ఎంత పెద్ద కుట్ర!

"మీరు ఇంట్లో లేనప్పుడు చేస్తేనే కదండీ దొంగకు లాభం? ఇంట్లో ఉన్నప్పుడే ఎందుకు చేస్తాడు?" అంది సుజాత.

"అదే వాడి తెలివి!" అన్నాను.

ఆమె నా మొహంకేసి ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లింది. పెళ్లైన ఆరేళ్లలో ఆ చూపును నేను ఎప్పుడూ సరిగ్గా అర్థం చేసుకోలేదు.

ఇక దేవుణ్ని గట్టిగా పట్టుకున్నాను. డ్యూటీకి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పూజ. దీపం పెట్టడం సుజాత పని, గంట కొట్టి హారతివ్వడం నా పని. మా తాతగారి నాటి ఇత్తడి గంట, అరకిలో బరువు. "స్వామీ, ఆ దొంగను పట్టివ్వు" అని వేడుకుని, గంట కింద పెట్టి, చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకునేలోపే కింద అలారం! చూశారా మహిమ! అడిగిన వెంటనే దేవుడు సైగ చేస్తున్నాడు. నేను పరుగెత్తుకెళ్లడం, అక్కడ రాజయ్య ఉండడం. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

సొసైటీకి కాగితం రాసిచ్చాను. రాజయ్యను మార్చాలని. అప్పటికే అరుపులతో విసిగిపోయిన జనం, ఎవరో ఒకరు పోతే గొడవ వదులుతుందనుకున్నారు. ఆదివారం పొద్దున కింద పార్కింగులో మీటింగు పెట్టారు. ఆ ముందురోజు రాజయ్య భార్య గది ముందు గిన్నెలు మూటగట్టడం బాల్కనీలోంచి చూశాను. గుండెలో ఏదో కలుక్కుమంది. కానీ అనుమానం ఉందే, అది అలాంటి కలుక్కులను లెక్కచేయదు.

మీటింగులో పదిమంది. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో రాజయ్య, చేతులు మోకాళ్ల మీద.

"నేను ముట్టలే సారు. ఈ వయసుల నాకు బండితోని ఏం పని?"

"అయితే హారతి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యి!" అన్నాను.

"చేస్త సారు. తీస్కరాండ్రి."

హస్ముఖ్ భాయ్ "శాంతి రాఖో, ప్రసాద్ భాయ్" అని సర్దిచెబుతున్నా వినకుండా పైకి వెళ్లాను. కర్పూరం వెలిగించాను. దేవుడి ముందు గంట కొట్టాను, కింద పెట్టాను, పళ్లెం అందుకున్నాను.

కారు కెవ్వుమంది.

హారతి పళ్లెంతో బాల్కనీలోంచి దూకినంత పని చేశాను. "పట్టుకోండి! వాణ్ని పట్టుకోండి!"

పదిమందీ తలలెత్తి నన్ను చూశారు. రాజయ్య అదే కుర్చీలో, అదే చేతులు అదే మోకాళ్ల మీద. కారుకు పది అడుగుల దూరంలో. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. జేబులోని తాళంతో అరుపు ఆపాను. 

రాజయ్య నెమ్మదిగా లేచాడు.

"సారు, జర మల్లొక్కసారి గంట కొట్టుండ్రి."

"ఎందుకు?"

"కొట్టుండ్రి సారు."

గంటను బాల్కనీలోకి తెచ్చి కొట్టాను. కారు పలకలేదు. కింద నవ్వులు. రాజయ్య మాత్రం తల పక్కకు వంచి వింటున్నాడు.

"గిప్పుడు కింద పెట్టుండ్రి. రోజు పెట్టే కాడనే."

లోపలికెళ్లి పెట్టాను. కారు ఆకాశం అదిరేలా మొత్తుకుంది. దాన్ని ఆపి మళ్లీ బాల్కనీలోకి వచ్చాను.

"ఇరవై ఏండ్లు మగ్గాల నడుమ ఉన్న సారు," అన్నాడు రాజయ్య, హస్ముఖ్ భాయ్ వైపు తిరిగి. "యాభై మగ్గాలు నడుస్తుంటే, ఏ మగ్గానికి దారం తెగిందో చెవితోనే పట్టేది. రోజు గంట మోగి ఆగంగనే బండి ఏడుస్తది. నాకు ఎప్పుడో అనుమానమొచ్చింది."

"మరి చెప్పలేదేం?" అని పైనుంచి అరిచాను.

"దేవుని గంట మీద నేరం మోపుతవా అని మీరు నన్నే తిడ్తరని చెప్పలే సారు."

అప్పటికే సుజాత పూజగది అరలోని ఎర్రగుడ్డ ఎత్తింది. దాని కింద, పసుపు కుంకుమలతో, నేనే స్వయంగా స్వామి పాదాల దగ్గర భద్రపరిచిన రెండో తాళం. వాహన పూజ రోజున పెట్టి, ఎవరూ చెయ్యి పెట్టకూడదని గుడ్డ కప్పాను; రోజూ గంట పెడుతున్నది ఆ గుడ్డ మీదే అని మాత్రం మర్చిపోయాను. తాళం మీద అలారం బొత్తాం, దాని మీద రోజూ రెండుసార్లు నా చేత్తో అరకిలో ఇత్తడి గంట. మనిషన్నవాడు చెయ్యి పెట్టలేని చోటు!

నేను మెట్లు దిగిన తీరు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు. రాజయ్య ముందు నిలబడి చేతులు జోడించాను. తప్పు చేశానని, క్షమించమని, ఏ కల్తీ లేకుండా ఏడ్చేశాను.

"రాజయ్యగారూ..."

"గట్ల పిల్వకుండ్రి సారు, నాకు అనుమానమొస్తది," అన్నాడు. అందరూ నవ్వారు. మెట్ల కింద గదిలోంచి గిన్నెల మూట విప్పుతున్న చప్పుడు వినిపించింది. అంత హాయైన చప్పుడు నేను ఆ ఆరు వారాల్లో వినలేదు.

ఆ రోజే రెండో తాళం రాజయ్య చేతిలో పెట్టాను. ఇంతకన్నా భద్రమైన చోటు సూరత్‌లో లేదని తేలిపోయింది కదా. నెల రోజులు కారు కిక్కురుమనలేదు. ఒక మధ్యాహ్నం మళ్లీ కెవ్వుమంది. బాల్కనీలోకి పరుగెత్తాను. నేను నోరు తెరిచేలోపే గేటు దగ్గరి నుంచి కేక.

"సారు! ఈసారి నేనే! తాళంచెవి జేబుల పెట్కొని దాని మీదనే కూసున్న!"

కావున భరతఖండే, తాపీ నదీ తీరే, ఆల్థాన్ ప్రాంతే, ప్రథమ అంతస్తే, ప్రసాద్ నామధేయుడనైన నేను, అరకిలో గంట సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేయుచున్నాను: ఇకపై ఎవరిని అనుమానించవలసి వచ్చినా, మొదట నా చెప్పుతో మొదలుపెట్టెదను.