గోళ్లు చెప్పినా ఆయన చెప్పలేదు

ఆ ఏడు నా గోళ్లు పల్చబడి, మధ్యలో గుంటలు పడినాయి. మగ్గం మీద తెగిన పోగు ముడేస్తుంటే చిట్లిన గోటికి దారం తగులుకునేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మా ఆయన నన్ను కడపకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ నా వేళ్లు పట్టుకుని చాలాసేపు చూసి, రక్తపరీక్ష రాసింది. సాయంత్రం రిపోర్టు తీసుకుని ఆయనొక్కడే లోపలికి పోయాడు.

బయటికొచ్చాక "డాక్టరమ్మ ఏమనింది?" అని అడిగాను.

"ఏం లేదంట. మగ్గం నేసేవాళ్ల గోళ్లు అట్లనే ఉంటాయంట."

ఇరవై ఏళ్ల కాపురం. నమ్మాను. నేసిస్తామని ఒప్పుకున్న పెళ్లి చీరలు ఇంకా మిగిలి ఉంటే వచ్చి మగ్గమెక్కాను. నెల తిరక్కముందే కళ్లు తిరిగి మగ్గం మీదే పడిపోయాను.

బద్వేలు ఆసుపత్రిలో నర్సమ్మ నా గోరు నొక్కి వదిలింది. అది తెల్లగానే ఉండిపోయింది. మా ఆయన భయపడి జేబులోంచి కడప డాక్టరమ్మ రాసిన పాత చీటీ తీసిచ్చాడు.

ఆమె చదివి, "వెంటనే రక్తం ఎక్కించాలని అప్పుడే రాసినారు కదమ్మా! ఇన్నాళ్లూ ఏం చేస్తాండావు?" అంది.

నేను ఆయన వైపు చూశాను.

"చెప్తే మగ్గం దిగేస్తావని..." అన్నాడు, తలెత్తకుండా.

రక్తం ఎక్కించిన మూడు రోజులూ ఆయనే పక్కన కూర్చుని గంజి తాగించాడు. పరాయివాడు దాచి ఉంటే తిట్టి మరిచిపోయేదాన్ని. ఆయన చేతి గంజి మింగుతూ ఏడ్చాను.

గోళ్లు మెల్లగా బాగయ్యాయి. ఇప్పుడు రక్తపరీక్షకు కడపకు నేనొక్కదాన్నే బస్సులో పోతాను. తోడొస్తానంటాడు, వద్దంటాను.