పొరలో పోరు

ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. బిలాస్‌పూర్‌లో మా లైబ్రరీ సైన్సు పుస్తకాలన్నీ తిరగేశాను, వాటిలో లేదు. అందుకే నేను రాస్తున్నాను.

తొంభైల్లో మా పక్క క్వార్టర్ అక్క కోని యూనివర్సిటీలో రీసెర్చ్‌లో చేరతానంది. వాళ్లింట్లో నాయనమ్మ సరేనంటేనే ఏదైనా.

"ఏటే నువ్వక్కడ చదివేది?" అందావిడ.

అక్కకు చేతులు కదపకుండా మాట్లాడడం రాదు. వేళ్లన్నీ కలిపి గుండ్రంగా పట్టి చూపించింది. "బాక్టీరియా వదిలే ప్రోటీన్లు ఇలా చుట్టూ చేరతాయి నాయనమ్మా. మన కణం పొరలోకి దిగిపోయి పోర్ పెడతాయి. దాంతో కణం పగిలిపోతాది."

"అచ్ఛా! మా అత్తా ఆడపడుచులూ అలాగే చుట్టూ చేరి పోరు పెట్టీవోరు. ఎల్లవే, అదెలా ఆపాలో కనిపెట్టు!"

పోర్ అంటే చిల్లని పుస్తకంలో చదివినవాణ్ణి, సరిదిద్దబోయాను. అక్క ఆ వేళ్ల చిల్లులోంచే నాకు కన్ను కొట్టింది.

ఆ పుస్తకం వెతికిచ్చిన లైబ్రరీ సూర్యారావు గారికీ, కోని బస్సులో రోజూ అక్కకు సీటు ఆపిన లక్ష్మికీ, తప్పుగా విని సరిగ్గా అర్థం చేసుకున్న అప్పలనర్సమ్మ నాయనమ్మకూ కృతజ్ఞతలు.