పుంగనూరు మెట్ల ముందు పదకొండు దినాల డ్యూటీ

2006 మే. పొద్దున ఏడూ పదికి పుంగనూరులో దిగినాను. ఒక్కణ్ణే. పదకొండు దినాల్లో శత్రువును ఊరు దాటించినాను. మా మదనపల్లెలో ఎవరినైనా అడగండి. చెప్పింది నేనే కాబట్టి అందరికీ తెలుసు.

పోస్టు: టీ అంగడి బెంచీ. ఎదురుగా విత్తనాల అంగడి, దానిపైన క్లినిక్. నడవలేనోళ్ళకు మేడమీద ఆస్పత్రి! పద్నాలుగు మెట్లు. ఎండ తొమ్మిదికే నెత్తిన. సామాను: పాత మిలిటరీ చొక్కా, నీళ్ళ బాటిల్, లాఠీ. డ్యూటీ ఎనిమిది నుంచి ఒంటిగంట, నాలుగు నుంచి ఏడు.

శత్రువు డాక్టరు. వెన్ను విరిగినోళ్ళకు స్టెమ్ సెల్ సూదులేసి నడిపిస్తానన్నాడు. మిలిటరీలో మా రేడియో ఆపరేటరుగా చేసినోడికీ వేసినాడు. ఆపరేటరుది కుప్పం. కొండల్లో మా బండి లోయలో పడినప్పుడు నడుం కింద చచ్చుబడింది. మూడో సూదికి వీపులో చీము పట్టింది. అంతకుముందు కుర్చీలోనన్నా కూర్చునేవాడు. ఇప్పుడు బోర్లానే. ఆ క్లినిక్ బోర్డు పీకి డాక్టరు నెత్తినే పగలగొట్టాలని పోయినాను.

మెట్లెక్కే ప్రతివాణ్ణీ ఆపినాను. "ఈడ ఎవురూ లేచి నడవలేదప్పా. ఎనిక్కి పో."

డాక్టరు కిటికీలోంచి నవ్వేవాడు. "ఎండగా ఉంది, పైకి రండి సార్. మీ నడుంకూ ఒక సూది వేస్తా."

"నువ్వు కిందికి రా. నీ నడుం సంగతి నేను సూస్తా."

తొమ్మిదో దినం చౌడేపల్లె నుంచి ఒకామె వచ్చింది. మొగుడు చింతచెట్టు మీంచి పడినాడు. లాఠీ అడ్డం పెట్టినాను. ఆమె క్లినిక్ కరపత్రం తీసింది. దాంట్లో నా ఫోటో. కింద నా మాట: "మా ఆపరేటరు బొటనవేలు కదలడం కళ్ళారా చూసినాను."

"ఇది నువ్వే కదప్పా? మరి నన్ను యాల ఆపుతాండావు?"

నేనే. మొదటి సూది తర్వాత ఆ మాట రాసి సంతకం పెట్టిచ్చినాను. ఇంకా నిజం చెప్పాలంటే, చూడలేదు. ఆపరేటరు చెప్పినాడు. ఏళ్ళ తరబడి అతని మాట మీదే ముందుకు నడిచినోణ్ణి, దుప్పటి ఎత్తి చూడాలనిపించలేదు.

లాఠీ దించినాను. ఆమె కరపత్రం కొంగున ముడేసుకుని మెట్లెక్కింది. వెనక ఇద్దరు ఆమె మొగుణ్ణి చంకల కింద పట్టి ఎత్తుకుపోయినారు. అతని పాదాలు ఒక్కో మెట్టుకూ కొట్టుకుంటా పోయినాయి. అది మాత్రం కళ్ళముందు నుంచి పోదు.

పన్నెండో పొద్దున బోర్డు లేదు. నేను తరమలేదు. మేడ తన కూతురికి కావాలని విత్తనాల అంగడి ఓనరు ఖాళీ చేయించినాడంట.

కుప్పం బస్సెక్కి పోయి ఆపరేటరుకు అంతా చెప్పినాను. దిండులో మొగం పెట్టుకునే విన్నాడు.

"కదిలిందని నేను యాడ చెప్పినానప్పా? 'కదిలింది కదా, కదిలింది కదా' అని నువ్వే పీక్కతిన్నావు. నాకు నిద్దరొస్తా ఉండె. ఊ అన్నాను."